నల్లా తాత

క్లబ్‌హౌస్ వెనక మెట్ల దగ్గర ఇద్దరు మనుషులు పాత ఫ్రిజ్ ఒకటి తోపుడు బండి మీదికి ఎక్కిస్తున్నారు. తలుపు మధ్యలో రూపాయి బిళ్లంత బెజ్జం ఉన్న ఫ్రిజ్ ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా ఉండదు కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టాను. గేటు దగ్గర ఆఫీసు క్యాబ్ హారన్ కొడుతోంది. అయినా నా కాళ్లు అటే పోయాయి.

"దీన్ని యాడికి తీసుకపోతాండారు?" అన్నాను. కోపమొచ్చినా కంగారొచ్చినా నా నోట్లోంచి మా ప్రొద్దుటూరు బయటికొస్తుంది.

పాత సామాన్లు కొనే అతను తాడు బిగిస్తూ తల తిప్పాడు. "తుక్కుకు మేడం. ప్రెసిడెంట్ సార్ తీస్కపొమ్మన్నడు. నడిపేటాయనే లేకపాయె, ఇగ దీన్నేం జేస్కుంటరు?"

"ఎందుకు లేడు? గోపన్‌పల్లిలోనే కదా ఉంటాడు?"

"మీకు ఎరుక లేదా? గౌండ్ల తాత పోయిండు మేడం. తొమ్మిది రోజులాయె. ఎల్లుండి దినాలు జేస్తున్నరు. మా గల్లీల్నే ఇల్లు."

నేను అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. క్యాబ్ వాడు రెండుసార్లు ఫోన్ చేసి, విసుక్కొని వెళ్లిపోయాడు. బండి కూడా వెళ్లిపోయింది.

ముందే చెప్పేస్తాను, తర్వాతయితే నాకు నోరు రాదు. ఆ ముసలాయన జీవితం చివర్లో సంపాదించుకున్న మంచిపేరును ఒక్క సాయంత్రంలో మట్టిలో కలిపింది నేను. తప్పు నాదని ఈ అపార్ట్‌మెంట్లో తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ ఆయనా. రెండేళ్లుగా నేను నోరు మూసుకొని బతుకుతున్నాను. ఆయన కూడా ఇక్కడ ఎవరితోనూ అనలేదు.

ఆయన పేరు ఏమిటో నేను ఏనాడూ అడగలేదు. గేటు దగ్గర పనివాళ్ల రిజిస్టర్లో ఉండే ఉంటుంది. పిల్లలందరూ 'నల్లా తాత' అనేవాళ్లు. మేం బెంగుళూరు నుంచి ఇక్కడికి మారి మూడు నెలలైనా కాలేదు, మా ఆరేళ్ల పాప ఒకరోజు "మమ్మీ, నల్లా తాత దగ్గరికి పోతా" అంది. వీపు మీద ఒక్కటిచ్చాను. "మనుషుల రంగు గురించి మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?" అని గదిలో కూర్చోబెట్టాను. అది వెక్కి వెక్కి ఏడుస్తూ, "నల్ల కాదు మమ్మీ, నల్లా! నల్లా అంటే ట్యాప్! తాత దగ్గర ట్యాప్‌లో జ్యూస్ వస్తది!" అంది. మా వైపు కొళాయి అంటాం. నల్లా అంటే కొళాయి అని నాకేం తెలుసు, నా మొహం!

పాపకు సారీ చెప్పి, చెయ్యి పట్టుకొని క్లబ్‌హౌస్‌కి తీసుకెళ్లాను. అక్కడ పొడుగ్గా, ఎండుకట్టెలా ఉన్న మనిషి, కింద ధోతి, పైన తోటమాలులకు కమిటీ ఇచ్చిన ఆకుపచ్చ టీషర్టు, ఫ్రిజ్ ముందు పీట వేసుకొని కూర్చున్నాడు. ఫ్రిజ్ తలుపులోంచి నిజంగానే ఒక స్టీలు కొళాయి బయటికి వచ్చి ఉంది. పాప జరిగిందంతా ఆయనకు చెప్పేసింది, దెబ్బతో సహా. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం పొట్ట పట్టుకొని నవ్వాడు.

"నల్లగనే ఉన్న గద మేడం! పిల్లదేం తప్పన్నది, ఎందుకు కొట్టినవ్?"

ఆ నవ్వు అలాంటిది. ముందు భుజాలు కదిలేవి, ఆ తర్వాత మెడ, గొంతులోంచి శబ్దం చివర్లో వచ్చేది. పాపకు ఒక గ్లాసు పట్టి ఇచ్చాడు. జామపండు రసం, పైన రెండు వేళ్ల ఎత్తు నురగ. నాకూ ఒకటి ఇచ్చాడు. ముక్కులోకి బుడగలు ఎగదన్నాయి. నేను దగ్గుతుంటే ఆయన, "మెల్లగ మేడం, గది ఎటూ పోదు" అన్నాడు.

ఆ సరంజామా మొదట ఆయనది కాదు. ఇక్కడ కిరాయికి ఉండిన ఒక కుర్రాడు సరదాకి తెప్పించుకున్నాడట. పాత ఫ్రిజ్ తలుపుకు బెజ్జం పెట్టి కొళాయి బిగించాడు. లోపల నిలువుగా స్టీలు డ్రమ్ము, దాంట్లో వడగట్టిన పళ్లరసం. పక్కన చిన్న గ్యాస్ సిలిండర్, సోడాలో నింపే గ్యాసే. ఆ గ్యాస్ సన్నని గొట్టంలోంచి డ్రమ్ములోకి వెళ్లి చల్లటి రసంలో కలిసిపోతుంది. కొళాయి వంచితే బుసబుసా పొంగే జ్యూసు. కుర్రాడికి పుణెలో ఉద్యోగం రావడంతో ఇదంతా క్లబ్‌హౌస్‌కి ఇచ్చేసి పోయాడు. నెల రోజులు ఎవరూ ముట్టుకోలేదు. మొక్కలకు నీళ్లు పట్టే ఈ ముసలాయన వచ్చి, "నేను నడుపుతా సార్, నాకు గీ పని ఎరుకే" అన్నాడట. ఎలా ఎరుక అని ఎవరూ అడగలేదు. ప్రతి శనివారం, ఆదివారం సాయంత్రం జ్యూసు పట్టడం మొదలైంది.

ఆయన పని చేస్తుంటే చూడాలి. నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ఎవరి పని చూసినా తప్పే వెతుకుతాను, అదో జబ్బు. ఆయన పనిలో నాకు ఒక్కటీ దొరకలేదు. డ్రమ్మును సలసల కాగే నీళ్లతో మూడుసార్లు కడిగేవాడు. కడిగి, తల మొత్తం డ్రమ్ములోకి దూర్చి వాసన చూసేవాడు. ఏ మాత్రం అనుమానమొచ్చినా మళ్లీ కడిగేవాడు. రసం రెండుసార్లు పల్చటి గుడ్డలో వడగట్టేవాడు, పిప్పి ఉంటే నల్లాకు అడ్డం పడుతుందని. గ్యాస్ గొట్టం బిగించాక అతుకుల మీద సబ్బు నురగ రాసి, బుడగ లేస్తుందేమో అని కళ్లు చిట్లించి చూసేవాడు. కిటికీలన్నీ తెరిచాకే సిలిండర్ మీద చెయ్యి వేసేవాడు. వంటగ్యాస్ అయితే వాసనొచ్చి చెబుతుంది, ఇది చెప్పదు అని ఆ కుర్రాడు ఫోన్‌లో నేర్పించాడట. తర్వాత డ్రమ్మును తొడల మీద పడుకోబెట్టుకొని అటూ ఇటూ ఊపేవాడు. ఊపి ఊపి, చెవి ఆనించి వినేవాడు.

"ఏం వినిపిస్తుంది తాతా?" అని అడిగాను ఒకసారి.

"తాగుతుంది మేడం. గ్యాసు తాగుతుంది. గుటకలు ఇనబడుతయి." డ్రమ్మును ఇంకోసారి ఊపి, "రసానికి పాణం ఉంటది. సల్లగుంటే పండుకుంటది. ఎచ్చగైందా, లేస్తది. ఒక్కసారి లేసిందంటే ఇగ మన మాట ఇనదు."

ప్రతిసారీ మొదటి గ్లాసు పట్టి, బయటికి తీసుకెళ్లి గోడ పక్కన మట్టిలో పోసేవాడు. "ఎల్లమ్మ తల్లికి" అనేవాడు. రెండో గ్లాసు తను తాగేవాడు. గటగటా కాదు, నోట్లో పోసుకొని, కళ్లు మూసుకొని, నాలుక అంచున తిప్పి మింగేవాడు. అప్పుడే పిల్లలకు సైగ చేసేవాడు. అప్పటిదాకా ఎంత గోల చేసినా, ఎవరి పిల్లలైనా, చుక్క రాలేది కాదు.

మా ఇద్దరికీ ఒకసారి గట్టిగానే అయింది. మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారని, నాలుగు గాజు సీసాలు పట్టుకెళ్లి నింపి ఇమ్మన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సీసల పొయ్య మేడం. తాగేదుంటే గీడనే తాగాలె."

"ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుంటాలే సామీ! అంత నమ్మకం లేదా?"

"మీ మీద నమ్మకం ఉన్నది. సీస మీద లేదు."

నాకు ఒళ్లు మండింది. తోటమాలి నాకు చెప్పేదేంది అనుకున్నాను. అవును, సరిగ్గా ఆ మాటే అనుకున్నాను, ఇప్పుడు దాచిపెట్టి ఏం ప్రయోజనం. సీసాలు చప్పుడయ్యేలా సంచిలో వేసుకొని వచ్చేశాను. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "జర ఇటు రా మేడం" అని క్లబ్‌హౌస్ వెనక్కి తీసుకెళ్లాడు. గోడ మీద ఎండలో ఒక ప్లాస్టిక్ సీసా, అడుగున కొంచెం అనాస రసం. "నిన్న మీరు పోయినంక పెట్టిన. పట్టుకొని సూడు" అన్నాడు. సీసా బిగుసుకుపోయి ఉంది, నొక్కితే వేలు దిగలేదు. ఆయన దూరంగా పట్టుకొని మూత తిప్పాడు. టప్పుమని మూత ఎగిరి మొదటి అంతస్తు బాల్కనీకి తగిలింది. నేను కెవ్వుమన్నాను.

"గిది ఒక్క దినం ఎచ్చగున్నది, గంతే. గాజుదైతే ఏమైతుండె? పిల్లలుండే ఇల్లు గద మేడం, గందుకే జెప్పిన. కోపం పెట్టుకోకు."

ఆ సీసా నా ముక్కు దగ్గర పెట్టాడు. పులిసిన వాసన గుప్పుమంది. "గీ వాసన నా అసుంటోనికి చానా ఎరుక" అన్నాడు.

అప్పుడే ఆయన కథ కొంచెం చెప్పాడు. మా అపార్ట్‌మెంట్ ఉన్న చోట ఒకప్పుడు తాటిచెట్లు ఉండేవట. నడుముకు మోకు కట్టుకొని రోజూ పొద్దునా సాయంత్రం ఆ చెట్లెక్కి కల్లు గీసేవాడు, వాళ్లనే ఇక్కడ గౌండ్ల వాళ్లంటారు. ఛాతీ మీద, మోకాళ్ల కింద చర్మం కాయలు కాసి ఉండేది అందుకే. బి బ్లాక్ లిఫ్టు ఉన్న చోట పెద్ద చెట్టు ఉండేదని చెప్పి, "మీరు బటన్ నొక్కి ఎక్కుతరు, నేను రెక్కలతోని ఎక్కేటోన్ని" అని నవ్వాడు. భూములు అమ్ముడుపోయాయి, చెట్లు కొట్టేశారు. లొట్టి, అంటే కల్లు కుండ, దింపగానే తియ్యగా ఉండే రసం ఎండ ఎక్కేకొద్దీ ఎలా పులుస్తుందో చిన్నప్పటి నుంచీ చూసిన మనిషికి, ఈ డ్రమ్ము పని కొత్తేమీ కాదు. లొట్టి కడగాలి, డ్రమ్ము కడగాలి. ఎండ తగలకుండా అదీ చూసుకోవాలి, ఇదీ చూసుకోవాలి.

"ఒక్కటే ఫరక్ మేడం" అన్నాడు. "గప్పుడు నేను సైకిల్ మీద లొట్లు కట్టుకొని వస్తుంటే తల్లులు పిల్లల్ని లోపలికి గుంజుకునేటోళ్లు. తప్పులేదు, గుంజుకోవాలె గూడ. గిప్పుడు జూడు, తల్లులే పిల్లల చెయ్యి పట్టుకొని నా దగ్గరికి తోలుకొస్తున్నరు. జిందగీల మొదటిసారి. నురగ ఉండాలె, నిషా ఉండొద్దు. గది తప్పిననాడు నేను మల్ల నల్లా ముట్ట."

ఈ మాటలు ఆయన నాతోనే అన్నాడు. సీసా ఎండలో పెట్టి చూపించింది నాకే. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా లేకుండా చేసిపోయాడు మహానుభావుడు.

వినాయక చవితి వచ్చింది. ఆ ఏడు నన్ను సాంస్కృతిక కమిటీలో వేశారు. కొత్తగా వచ్చిన దాన్ని, అందరూ మెచ్చుకోవాలని అన్ని పనులూ మీదేసుకున్నాను. మండపం క్లబ్‌హౌస్ వరండాలోనే. తాత శుక్రవారం పొద్దున బత్తాయి, అనాస కలిపి డ్రమ్ము నిండా రసం పోసి, గ్యాస్ పట్టించి, ఆదివారం నిమజ్జనానికి పిల్లలకు పోద్దామని సిద్ధంగా ఉంచాడు. బిడ్డ అత్తగారింట్లో ఏదో పండగ, ఆదివారం సాయంత్రానికి వస్తానని నాతో చెప్పి వెళ్లాడు. "జర ఫ్రిజ్ దిక్కు సూస్తుండు మేడం" అన్నాడు. ప్రెసిడెంట్‌తో చెప్పలేదు, సెక్యూరిటీతో చెప్పలేదు, నాతోనే చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం రంగు దీపాల తోరణానికి ప్లగ్గు దొరకలేదు. వరండాలో ఉన్న రెండింట్లో ఒకటి మైకు సెట్టుకు పోయింది. ఇంకొకటి ఫ్రిజ్‌ది. దీపాలు వెలుగుతాయో లేదో ఒక్కసారి చూసి మళ్లీ పెడదామని ఫ్రిజ్ ప్లగ్గు పీకి, మా ఇంటి ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టాను. దీపాలు వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీసుకున్నాం. ఉండ్రాళ్లు, పులిహోర, పాప డాన్సు, మా అత్తగారి వీడియో కాల్. ఫ్రిజ్ సంగతి నా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. ఆదివారం పొద్దున పూలు తెస్తూ ఫ్రిజ్ పక్కన నేల మీద నీళ్లు చూశాను. చుట్టూ ఎవరూ లేరు. ఇంటికి వెళ్లి ఇంకో బోర్డు తెచ్చి, మైకు ఉన్న చోట పెట్టి, మైకునూ ఫ్రిజ్‌నూ చకచకా దానికే తగిలించేసి, నీళ్లు తుడిచేశాను. సాయంత్రానికి చల్లబడుతుందిలే అనుకున్నాను. చల్లబడింది కూడా. గోడ మీది సీసా గుర్తు రాలేదా అంటే, వచ్చింది. దాన్ని పక్కకు తోసేశాను.

సాయంత్రం తాత ఎక్కిన బస్సు ఊరేగింపుల్లో ఇరుక్కుపోయింది. వినాయకుణ్ని ట్రాలీ ఎక్కించే టైమైంది. పిల్లలు గ్లాసులు పట్టుకొని "నల్లా! నల్లా!" అని గోల. "పోసెయ్యండి మేడం, మీకు తెలుసుగా" అన్నారెవరో. నేను కొళాయి వంచాను. సగానికి పైగా నురగే వచ్చింది. మట్టిలో పోయలేదు, నేను తాగి చూడలేదు. ఇరవై మంది పిల్లలకు నా చేత్తో పోశాను.

ప్రెసిడెంట్ గారి భార్య తన కొడుకు గ్లాసు లాక్కొని వాసన చూసింది. "ఏంటండీ ఇది? కల్లు వాసన కొడుతోంది!" అంది. అంతే. తల్లులందరూ ఒక్కసారిగా గ్లాసులు లాగేశారు. లడ్డూలు మెక్కి గంతులేసిన పిల్లాడొకడు అప్పుడే కక్కుకున్నాడు. ఇక అల్లరి మొదలైంది. "ఎవరండీ చేసింది?" "తోటమాలి." "వాళ్లు కల్లు గీసేవాళ్లు కదండీ!" "కలిపేశాడన్నమాట!" ఒక్క నిమిషంలో తీర్పు అయిపోయింది. ప్రెసిడెంట్ గారిది భీమవరం వైపు, చాలా నెమ్మదస్తుడు. ఆయన కూడా, "నేను కులం సంగతి మాట్లాడటం లేదండి. కానీ చేతి అలవాటు ఎక్కడికి పోతుందండి?" అన్నారు. నేను కొళాయి పక్కనే నిలబడి ఉన్నాను. నా చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

సరిగ్గా అప్పుడొచ్చాడాయన, చేతిలో బిడ్డ ఇంటి నుంచి తెచ్చిన పిండివంటల సంచితో. అందరూ ఒకేసారి మీద పడ్డారు. ఆయన కింద పడి ఉన్న గ్లాసు తీసి వాసన చూశాడు. ఫ్రిజ్ పైఅర తలుపు తెరిచాడు. మంచు ముక్కలు పోసి ఉంచిన గిన్నెలో విడి ముక్కలు లేవు, అంతా కరిగి, మళ్లీ ఒకే పలకగా గడ్డకట్టి ఉంది. దాని మీద వేలు పెట్టి చూశాడు. తలుపు మూశాడు. ప్లగ్గు వైపు చూశాడు. దీపాల తోరణానికి ఉన్న బోర్డు వైపు చూశాడు. దాని మీద మా ఫ్లాటు నంబరు మా పాప స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. ఆ తర్వాత నా వైపు చూశాడు.

ఎంతసేపు చూశాడో తెలియదు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. తరగతిలో టీచర్ ఒక ప్రశ్న అడిగి, జవాబు తెలిసిన పిల్ల వైపు చూస్తారే, అలా చూశాడు. నేను తల దించుకొని, పాప మూతి తుడవడం మొదలుపెట్టాను.

"కరెంటు పోయినట్టున్నది సార్. రసం లేసింది. నేను ఏం కలపలె" అన్నాడు మెల్లగా.

"ఇక్కడ కరెంటు పోదు కదండీ, జనరేటర్ ఉందిగా" అన్నారు ప్రెసిడెంట్. "ఏమండీ, మీరు ఇక్కడే ఉన్నారుగా, పోయిందా?" అని నన్నే అడిగారు.

"లేదండి" అన్నాను. అది అబద్ధం కాదు, కరెంటు పోలేదు మరి. అలా నాకు నేను చెప్పుకున్నాను, ఛీ.

ఆయన సంచి కింద పెట్టాడు. కొళాయి పిడి మర తిప్పి ఊడదీసి, ధోతి కొంగుకు తుడిచి, ప్రెసిడెంట్ చేతిలో పెట్టాడు. మొక్కల పని చేసుకోమన్నారు గానీ, వారం కూడా చెయ్యలేదు. నేను బాల్కనీలోంచి చూశాను. ఆయన పైపు పట్టుకొని నీళ్లు పోస్తుంటే, ఒకామె కూతురి రెక్క పట్టుకొని ఇవతలికి లాక్కొని, చుట్టూ తిరిగి వెళ్లింది. ఆయన పైపు కింద పడేసి అక్కడే నిలబడిపోయాడు. ఆ మర్నాటి నుంచి రాలేదు.

రేపు చెబుదాం అనుకున్నాను. గ్రూపులో రాద్దామని నాలుగుసార్లు టైపు చేసి చెరిపేశాను. ఇరవై మంది తల్లులు, వాళ్ల పిల్లలకు పులిసిన రసం పోసింది నేనని తెలిస్తే, లిఫ్టులో నా మొహం చూస్తారా? పాపతో ఆడనిస్తారా? ఇదే భయం. ఇంతకంటే పెద్ద కారణమేదో ఉందని చెప్పుకోవాలని ఉంది, కానీ లేదు. రేపు రేపంటూ రెండేళ్లు గడిపాను.

ఒక్కసారి కనిపించాడు. నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కితే, వెనక సీట్లో ఆయనే. నన్ను చూసి ఒదిగి జరిగి చోటిచ్చాడు. బాగా చిక్కిపోయాడు.

"పాప మంచిగున్నదా మేడం?"

"బాగుంది తాతా."

ఇంకేదో అంటానని నా మొహంలోకి చూస్తున్నాడు. గొంతు దాకా వచ్చింది. పక్కన ఇద్దరు ఆడపిల్లలు, డ్రైవర్ పాటలు, ట్రాఫిక్, అన్నీ సాకులే. "ఇక్కడ ఆపప్పా" అని నా స్టాపు కంటే ముందే దిగిపోయాను.

ఇప్పుడు ఆ మనిషి లేడు. ఆఫీసుకు సెలవు పెట్టి, దినాల దాకా ఆగే ధైర్యం లేక, ఆ మధ్యాహ్నమే గోపన్‌పల్లి పాత గల్లీలోకి వెళ్లాను. రెండు గదుల రేకుల ఇల్లు. ఆయన భార్య గడప పక్కన గోడకానుకొని కూర్చొని ఉంది. చిన్న మనిషి. నేనెవరో చెప్పబోతే, "నల్లా కాడి మేడం గద?" అంది. లోపలికి పిలిచి చాప వేసింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం.

"అవ్వా, ఆ పొద్దు ప్లగ్గు పీకింది నేనే. పిల్లోళ్లకు పోసింది గూడా నేనే. ఆయన తప్పేమీ లేదు" అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

ఆమె ఏడవలేదు. "గది మాకు ఎరుకనే బిడ్డా. గా దినమే జెప్పిండు."

"మరి వాళ్లతో ఎందుకు చెప్పలేదవ్వా?"

"నేనూ గదే అడిగిన. కొట్లాడిన గూడ. 'నేను జెప్తే, గౌండ్లోడు తాను తప్పించుకునేటందుకు మేడం మీద పెట్టిండు అంటరు. ఆమె జెప్తేనే నమ్ముతరు. ఆమెనే జెప్తది, మంచి మనిషి, జర టైం వడుతది' అన్నడు. దవాఖానల పండుకున్నప్పుడు గూడ అడిగిండు, అపార్ట్‌మెంటోళ్లు ఎవలన్న వచ్చిన్రా అని."

చాప మీద కూలబడ్డాను. ఆమె నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాక, నా గ్లాసు తీసుకుంటూ, మామూలు మాట అడిగినట్టే అడిగింది.

"గిప్పుడన్న జెప్తవా?"

అక్కడే ఫోన్ తీశాను. అపార్ట్‌మెంట్ గ్రూపులో టైపు చేసి, పంపే ముందు ఆమెకు చదివి వినిపించాను. "మన నల్లా తాత చనిపోయారు. ఆ వినాయక చవితికి ఆయన జ్యూసులో ఏమీ కలపలేదు. ఫ్రిజ్ ప్లగ్గు పీకి రెండు రోజులు మర్చిపోయింది నేను. అది పులిసిందని అనుమానం ఉండి కూడా పిల్లలకు పోసింది నేను. తెలిసి కూడా నోరు మూసుకొని ఆయన మీద నింద పడనిచ్చాను." ఆమె తల ఊపింది. పంపాను.

వెంటనే ఫోన్ మోగడం మొదలైంది. ఓం శాంతి. ఓం శాంతి. దండం పెట్టే చేతుల బొమ్మలు. ప్రెసిడెంట్ గారు, "చాలా బాధాకరం అండి. ఓం శాంతి" అన్నారు. ఇంకొకరు దీపం బొమ్మ పెట్టారు. వరసగా పాతిక, ముప్పై. మధ్యలో ఎవరో బి బ్లాక్ లిఫ్టు ఆగిపోయిందని రాశారు. దాని కింద మళ్లీ ఓం శాంతి.

"ఏమంటున్నరు బిడ్డా?" అంది ఆమె.

"ఓం శాంతి అంటాండారవ్వా."

"గది పోయినోళ్లకు అందరంటరు. ఆయన ఏం కలపలేదని జెప్తివి గద, గా మాటకు ఏమంటున్నరు?"

పైకి జరిపాను, కిందికి జరిపాను. మళ్లీ మొదటి నుంచి చూశాను.

"ఇంకా ఎవురూ ఏమీ అనలేదవ్వా."

"అంటరేమో, జర సేపు సూద్దాం" అని ఆమె చాప మీద నా పక్కన కూర్చొని, చదువు రాని ఆ కళ్లతో నా ఫోన్ వంక చూస్తూ ఉండిపోయింది.